చెరువు గట్టు మీద తెరచాప పడవ

నేను సర్వేయర్‌నని చెప్పగానే మా ఏలూరులో చాలామంది తమ పొలం గట్టు తగాదా విప్పేవారు. నేను పొలాలు కొలిచేవాణ్ని కాదు, పడవలు చూసేవాణ్ని. పాత చెక్క పడవ కొనాలనుకునేవాళ్లూ, దానికి బీమా చేయాల్సిన కంపెనీలవాళ్లూ ముందు నన్ను పంపేవారు. నేను వెళ్లి చుట్టూ తిరిగి, లోపల దూరి, తట్టి, గీకి, అది మనుషుల్ని మోస్తుందో లేదో రాసిచ్చేవాణ్ని. కాకినాడలో మొదలుపెట్టి, తరవాత ఏలూరులో ఉంటూనే తిరుగుతూ, మోకాళ్లు సహకరించినన్నాళ్లూ ఇదే చేశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు కొందరు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వాళ్ల దగ్గర చెక్కలో చెమ్మ కొలిచే మీటర్లు ఉన్నాయి. ఫోన్లో ఫొటోలు తీసి కూర్చున్నచోటి నుంచే రిపోర్టు పంపేస్తారు. మంచిదే. కానీ వాళ్లలో ఎక్కువమంది అమ్మేవాడి మాట వింటూ పడవ చూస్తారు. అది నాకు నచ్చదు. మనకు డబ్బిచ్చేది అనుమానపడమని. మర్యాదగా, ఎవరి మనసూ నొప్పించకుండా, ఆపకుండా అనుమానపడాలి. ఇది నేర్చుకోవడం కష్టం కాదు. ఆ అనుమానం ఎటు పోవాలో తెలుసుకోవడమే కష్టం. నాకది తెలిసింది రిటైరయ్యే ముందు చూసిన ఒక పడవ దగ్గర. అందుకే దాని సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను.

భాస్కరరావు గారి పద్ధతి

నాకు పని నేర్పినవారు కాకినాడలో భాస్కరరావు గారు. ఆయన పద్ధతులు ఇప్పటికీ పనికొస్తాయి. వస్తున్నామని చెప్పి వెళ్లకూడదు. వెళ్లగానే లైటు వేయకూడదు. ముందు పడవ కడుపులోకి తల పెట్టి వాసన చూడాలి. పుట్టగొడుగు వాసన వస్తే ఎక్కడో చివికిందన్నమాట. ఉప్పునీరు చెక్కను కాపాడుతుంది, వాననీరు తినేస్తుంది. కాబట్టి అందరూ పడవను అడుగు నుంచి చూస్తే, మనం పైనుంచి, వాన దిగే దారి పట్టుకుని కిందికి రావాలి. రంగు ఎక్కడ కొత్తగా ఉంటే అక్కడ గీకాలి. చూడటం పూర్తయ్యేదాకా అమ్మేవాడింట్లో మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకోకూడదు.

మా గోదావరి వైపు ఈ చివరి నియమం పాటించడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చినవాడు భోంచేయకపోతే అది తిట్టుతో సమానం.

ఆయన లోపం కూడా చెప్పాలి. ఆయనకు అనుమానం ఎక్కడ ఆపాలో తెలియదు. చివరి రోజుల్లో పాలు పోసేవాణ్నీ, మందులిచ్చే డాక్టరునీ కూడా నమ్మేవారు కాదు. పెళ్లిళ్లకు పిలవడం మానేశారు జనం. నేను ఆయన దగ్గర సగం నేర్చుకుని సగం వదిలేశాననుకునేవాణ్ని. వదిలేశాననుకున్నదాంట్లోనూ కొంత నాలో ఉండిపోయిందని తరవాత తెలిసింది.

భర్త ఒకటి, భార్య ఒకటి

తాడేపల్లిగూడెంలో సత్యనారాయణ అని, రంగులూ ఇనప సామానూ అమ్మే దుకాణం ఉన్నాయన. యాభై దాటిన మనిషి. ఒకరోజు ఫోన్ చేసి, కలిదిండి వైపు ఒక చేపల చెరువు గట్టు మీద పాత తెరచాప పడవ అమ్మకానికి ఉందనీ, కొనబోతున్నాననీ, ఒకసారి చూసి చెప్పమనీ అడిగాడు. నేను నవ్వాను. కొల్లేరు చుట్టుపక్కల దోనెలుంటాయి, మేత మోసే పడవలుంటాయి. సముద్రంలో తిరిగే తెరచాప పడవ చెరువు గట్టెక్కడమేమిటి?

ఆయన నవ్వలేదు. కాకినాడలో చదివే రోజుల్లో ఎన్‌సీసీ నేవీలో తెరచాప కట్టడం నేర్చుకున్నాడట. అప్పటి నుంచీ మనసులో ఉందట. పడవ టేకుదట, అడుగున ఇనప బరువు ఉందట, పాడైనవి తనే బాగుచేసుకుంటాడట. ఇవన్నీ చాలా నెమ్మదిగా, బాగా ఆలోచించుకున్నవాడిలా చెప్పాడు. చెక్క పడవ మీద మోజుపడ్డవాళ్లను చాలామందిని చూశాను. సాధారణంగా గట్టిగా మాట్లాడతారు. ఈయన గొంతు తగ్గించి మాట్లాడుతుంటే నాకు కొంచెం తేడాగా అనిపించింది.

మర్నాడు ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు గూడెం నుంచి బస్సెక్కి మా ఇంటికే వచ్చారు. మా ఆవిడ ఇచ్చిన కాఫీ పుచ్చుకుని, కుశల ప్రశ్నలయ్యాక, కప్పు కింద పెట్టి విషయానికొచ్చారు.

"బాబాయి గారండీ, ఆ పడవ పనికిరాదని రాసెయ్యండి."

ఇంకా చూడలేదు కదమ్మా అన్నాను.

"చూసొచ్చాకే రాయండి. కానీ అలాగే రాయండి."

ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. డబ్బు తగలేస్తాడని భయం కాబోలు అనుకున్నాను. ఉన్నదున్నట్టే రాస్తానని, రాసింది ఇద్దరికీ ఒకేసారి వినిపిస్తానని చెప్పి పంపించాను. గుమ్మం దాటాక ఆవిడ ఒక్క క్షణం ఆగి ఏదో అనబోయి, "వస్తానండీ" అని వెళ్లిపోయారు. ఆ అనబోయినదేమిటో అప్పుడే అడిగి ఉండాల్సింది.

గేటు దగ్గర

చెప్పకుండా వెళ్లాను. కలిదిండి దాటాక రోడ్డుకు రెండువైపులా చెరువులే. వాటి మధ్య మట్టి గట్టు పట్టుకుని లోపలికి పోతే నీలం రంగు గేటు, దానికి తాళం. గేటవతల మేత బస్తాలు దించుతున్న మనుషులు కనిపించారు. పడవ చూడటానికి వచ్చిన సర్వేయర్‌నని చెప్పాను.

సర్వేయర్ అన్న మాట వినగానే బస్తాలు దించడం ఆగిపోయింది. ఒకతను పక్కకు వెళ్లి ఫోన్ చేశాడు. తాళంచెవి లేదన్నాడు ఇంకొకతను, అది అతని మొలతాడుకే వేలాడుతూ ఉంది. ఏ ఆఫీసు నుంచని అడిగారు. ఆఫీసు లేదు, పడవ కోసమన్నాను. నమ్మలేదు. నేనూ వాళ్లను నమ్మలేదు. పడవను ఏదో చేస్తున్నారు, లోపల రంగు ఆరేదాకా నన్ను ఎండలో నిలబెడుతున్నారు అనుకున్నాను.

కాసేపటికి చెరువు యజమాని రామరాజు గారు కారులో వచ్చారు. పెద్దమనిషి, తెల్లపంచె, మాట మెత్తన. ఇంతసేపు నిలబెట్టినందుకు పదిసార్లు మన్నించమన్నారు. ముందు ఇంటికెళ్లి టిఫిను చేద్దామన్నారు, వద్దన్నాను. అయితే భోజనానికి ఉండాలన్నారు, చూద్దామన్నాను. అడక్కుండానే పడవ చరిత్ర చెప్పుకొచ్చారు. చెరువు పక్కన గెస్ట్‌హౌస్ కట్టి దాని ముందు నిలబెడదామని కొన్నారట. గెస్ట్‌హౌస్ కట్టలేదు, పడవ అలాగే ఉండిపోయింది. బేరం లేదు, కొనేవారు ఎంతిస్తే అంత. కాకపోతే ఈ వారంలోనే తీసుకుపోవాలి.

ఎందుకంత తొందర అని అడిగాను. షెడ్డు పని ఉందన్నారు. చుట్టూ చూశాను. షెడ్డు పని చేసే మనుషులూ లేరు, ఇసుకా లేదు, ఇటుకా లేదు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన కళ్లు నా భుజానికున్న సంచి మీదే ఉన్నాయి. టేపు తీస్తే గట్టు వైపు చూశారు. బేరమాడని అమ్మకందారు, తొందర, అబద్ధపు కారణం. ఈ మూడూ ఒకచోట కనిపిస్తే పడవలో పెద్ద దోషమే ఉంటుందని నా నమ్మకం. అది బయటికి తీయకుండా కదలకూడదనుకున్నాను.

రంగు కింద

తాటాకు పందిరి కింద, చెక్క దిమ్మెల మీద నిలబెట్టి ఉంది పడవ. ఒక్కమాట ఒప్పుకోవాలి, అందమైనది. ముందు భాగం సన్నగా, వెనక భాగం కుదురుగా, ఎవరో చెయ్యితిరిగినవాడు కట్టినది. అందమైన పడవ అయితే నేను రెండోసారి చూస్తాను.

వాసన చూశాను. ఉంది, సన్నగా. పైనుంచి మొదలుపెట్టాను. చెక్కసుత్తితో పలక పలకా తట్టుకుంటూ వచ్చాను. గట్టి పలక ఖంగుమంటుంది. పుచ్చినది బస్తాను కొట్టినట్టు పలుకుతుంది. పక్కలు గట్టిగా ఉన్నాయి. తెరచాప కొయ్య పాదం దగ్గరికి వచ్చేసరికి శబ్దం మారింది. అక్కడ రంగు కూడా మరీ నున్నగా ఉంది. సన్న ఉలితో పొడిచాను. పిడి దాకా దిగిపోయింది. లోపల చెక్క లేదు. చివికిన గుజ్జు, దాని మీద లప్పం, లప్పం మీద రంగు.

రామరాజు గారి వైపు చూశాను. ఆయన నా దగ్గరికి వచ్చి, వంగి, ఆ కన్నంలో వేలు పెట్టి చూశారు.

అడుగు బరువును పట్టి ఉంచే బోల్టు ఒకటి ఊడదీయించమన్నాను. చెరువు నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు బాగుచేసే మెకానిక్ వచ్చి చాలాసేపు తంటాలుపడి ఒకటి లాగాడు. పైనా కిందా లావుగానే ఉంది, నడుము దగ్గర పెన్సిలంత అయింది. ఇలాంటి బోల్టులతో సముద్రంలోకి వెళితే ఒక పెద్ద అలకు అడుగు బరువు ఊడి కిందికి, పడవ తలకిందులై పైకి.

ఇదంతా ముందే తెలిసి అమ్ముతున్నారని నా మనసులో తీర్పు రాసేసుకున్నాను. అయితే రాసేముందు ప్రతిచోటా చేసే పని ఒకటుంది. లప్పం అంచున రంగును వాలుగా గీకి, పొరలు చూస్తాను. చెట్టు మొద్దులో వలయాల్లా రంగు పొరలు పడవ కథ చెబుతాయి. అన్నిటికన్నా పైన నీలం. గేటుకున్న నీలమే, మోటారు షెడ్డుకున్న నీలమే. అంటే అది రామరాజు గారు వేయించింది. దాని కింద తెలుపు. తెలుపు కింద మట్టి రంగు. లప్పం ఆ మట్టి రంగు కింద ఉంది.

అంటే ఈయన కొనకముందే, ఈయనకు అమ్మినవాడో, వాడికి అమ్మినవాడో కప్పిపెట్టిన దోషమది. ఈయన తనకు తెలియకుండా దాని మీద ఇంకొక పూత వేయించారు. మోసపోయినవాళ్లలో ఈయనా ఒకరు.

ఆ మాటే ఆయనతో చెప్పాను. ఆయన దిమ్మె మీద కూర్చున్నారు. అప్పుడు అడిగాను, పడవ సంగతి మీకు తెలియనప్పుడు ఈ తొందర దేనికండీ అని.

"మీరు సరస్సు సర్వే వాళ్లు కాదు కదండీ?" అన్నారు.

కాదన్నాను. ఆయన గట్టు చివర పాతిన రాళ్ల వైపు చూపించారు. చెరువు కొంత కొల్లేరు హద్దులోకి పోయిందట. అధికారులు వచ్చి కొలిచి వెళ్లారట, గట్టు కొట్టేస్తామని చెప్పారట. గట్టు తెగితే లారీ వచ్చే దారి ఉండదు, పడవ నీళ్ల మధ్య ఉండిపోతుంది. సర్వేయర్ వచ్చాడని మనిషి ఫోన్ చేసేసరికి ఇంకో కొలత అనుకున్నారు.

"పడవ పేరు చెప్పి హద్దులు చూసిపోతారేమో అనుకున్నానండీ. మీరు టిఫిను కూడా వద్దనేసరికి ఖాయం చేసుకున్నాను."

నేను ఆయన్ని అనుమానించినంతసేపూ ఆయన నన్ను అనుమానించారు. నా అనుమానం వట్టిది కాదు, మనిషి దాస్తున్నది నిజం. కానీ దాచింది పడవలో లేదు, పడవ నిలబడ్డ నేలలో ఉంది. మీలో ఈ పని చేసేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మనిషి ఏదో దాస్తున్నాడని పసిగట్టడంతో సగం పనే అయినట్టు. ఏం దాస్తున్నాడో తెలిసేదాకా ఆ సంగతి రిపోర్టులో రాయకూడదు. సరస్సును ఆక్రమించడం తప్పే, ఆయనతో ఆ మాటే అన్నాను. అలాగని పడవ విషయంలో ఆయన్ని దొంగను చేయలేను.

చూడటం అయిపోయింది కాబట్టి ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో భోంచేశాను. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. కొరమీను పులుసు మాత్రం రెండుసార్లు వేయించుకున్నాను.

గూడెంలో

గూడెం వెళితే దుకాణంలో గల్లా దగ్గర సత్యనారాయణ తమ్ముడు కూర్చుని ఉన్నాడు. దుకాణం వెనకున్న వాళ్లింట్లో, బల్ల నిండా పరిచిన సముద్రం మ్యాపుల పక్కన, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. పక్క పలకలు మంచి టేకు, ఇంకా చాలాకాలం ఉంటాయి. తెరచాప కొయ్య పాదం పోయింది, దాని కింది దూలం కూడా కొంత పోయింది. బోల్టులన్నీ మార్చాలి. ఇలా ఉన్నది ఉన్నట్టుగా నీళ్లలోకి దింపితే ప్రాణానికి ప్రమాదం. బాగుచేస్తే మంచి పడవ అవుతుంది.

సత్యనారాయణ నేను చెప్పిన ప్రతి దోషానికీ తలూపాడు. రాజ్యలక్ష్మి గారు దోషాలు విన్నట్టే లేరు. అంతా అయ్యాక ఒక్కటే అడిగారు.

"అది ఒక్క మనిషి నడపగలడాండీ, ఇద్దరుండాలా?"

నన్ను చాలామంది చాలా ప్రశ్నలు అడిగారు కానీ ఇది ఎవరూ అడగలేదు. అప్పుడు అర్థమైంది మా గుమ్మంలో ఆవిడ మింగేసిన మాట ఏమిటో. ఆవిడది డబ్బు భయం కాదు. దుకాణం తమ్ముడికి అప్పజెప్పేసి, ఇంట్లో మాట తగ్గించేసి, సముద్రం మ్యాపులు చూస్తూ కూర్చునే భర్త ఒకరోజు వెళ్లిపోతాడని. ఆవిడ మీద నాకు కలిగిన అనుమానం కూడా తప్పుచోటే పడింది.

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఒక్కడైనా నడపగలడమ్మా అన్నాను.

ఆవిడ భర్త వైపు తిరిగారు. "ఒక్కరే వెళ్దామనే కదండీ?"

ఆయన కాదంటాడనుకున్నాను. ఎవరైనా కాదంటారు.

"మొదట్లో అలాగే అనుకున్నాను" అన్నాడు.

లేచి వెళ్లిపోదామనిపించింది, కానీ లేస్తే మరీ బాగుండదని కూర్చున్నాను. దుకాణంలో ఎవరికో మేకులు తూస్తున్న చప్పుడు వినిపిస్తోంది. రాజ్యలక్ష్మి గారు ఏడవలేదు, కోప్పడలేదు. నా వైపు తిరిగి, బాగుచేయడానికి ఎంతకాలం పడుతుందని అడిగారు. సొంతంగా చేసుకుంటే ఏడాది పైనే అన్నాను.

"అయితే కొనండి" అన్నారు భర్తతో. "ఏడాది ఎక్కడికీ పోరు కదా. ఆ తరవాత సంగతి అప్పుడు చూద్దాం."

గట్టు తెగకముందు

రామరాజు గారు తన లారీయే ఇచ్చారు, క్రేన్ ఆయనే పిలిపించారు. దోషాలన్నీ నా రిపోర్టులో ఉన్నట్టుగానే అమ్మకం కాగితంలో రాయించమని ఆయనే అన్నారు. తనకు ఎవరూ రాసివ్వలేదు కాబట్టి, అన్నారు.

పడవను ఎత్తే రోజు ఆ భార్యాభర్తలతో పాటు నేనూ వెళ్లాను. కొయ్య విడదీసి పక్కన పడుకోబెట్టారు. గట్టు మొదట్లో అప్పటికే గట్టు కొట్టే మిషన్ వచ్చి నిలబడి ఉంది, దాని డ్రైవరు నీడలో కూర్చుని టీ తాగుతున్నాడు. మేం వెళ్లేదాకా ఆగమని రామరాజు గారు వెళ్లి అడిగితే సరేనన్నాడు. లారీ మెత్తటి గట్టు మీద ఒక పక్కకు ఒరిగిపోతూ, పడవ ముక్కు తాటిమట్టలకు రాసుకుంటూ, బయటికి రావడానికి చాలా సమయం పట్టింది. రోడ్డెక్కాక సత్యనారాయణ లారీ దిగి, పడవ పొట్టకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. రాజ్యలక్ష్మి గారు ఆ చేతిని చూశారు. నేను ఆవిడను చూశాను.

తరవాత వారంలో గట్టు తెగింది. రామరాజు గారు ఫోన్ చేసి ఆ ఒక్కమాట చెప్పి పెట్టేశారు.

నరసాపురంలో

పడవను నరసాపురం దగ్గర గోదావరి ఒడ్డుకు చేర్చి, పందిరి వేసుకుని, ఇద్దరు వడ్రంగులను పెట్టుకున్నాడు సత్యనారాయణ. నేను ఏడాదిలో చాలాసార్లు వెళ్లాను. అనుకున్నదానికన్నా ఎక్కువే బయటపడింది. దూలం సగం కోసేయాల్సి వచ్చింది. ఒకసారి పని ఆపేద్దామనుకున్నాడు కూడా. రాజ్యలక్ష్మి గారు మొదట్లో కేరియరు పట్టుకొచ్చి ఇచ్చి వెళ్లిపోయేవారు. తరవాత తరవాత సాయంత్రం దాకా ఉండేవారు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కానీ పలకల సందుల్లో పత్తి దట్టించేటప్పుడు, ఈ మూల వదులుగా ఉంది, ఆ మూల మళ్లీ కొట్టండి అని ఆవిడ చెబుతుంటే విన్నాను. ఆవిడ చూపించిన చోటల్లా నేనూ వేలితో నొక్కి చూశాను. నిజంగానే వదులుగా ఉండేది.

నీళ్లలోకి దింపాక కొన్నాళ్లు ఊరనిచ్చారు. చెక్క ఉబ్బి సందులు బిగిశాయి. నేను వెళ్లి, మళ్లీ మొదటి నుంచీ తట్టి, గీకి, కొత్త బోల్టులు చూసి, నదిలో తిరగడానికి యోగ్యమని రెండో రిపోర్టు రాసిచ్చాను. సముద్రం సంగతి ఇంకా రాయనన్నాను.

తెరచాప కట్టే రోజు నన్నూ పిలిచారు. గాలి కొంచెంగా ఉంది. సత్యనారాయణ పడవలో నిలబడి భార్యకు చెయ్యి అందించాడు. ఆవిడ ఆ చెయ్యి అందుకోలేదు. నా వైపు తిరిగారు.

"మీరు రాసింది చదివానండీ, బాబాయి గారూ. ముందు మీరు ఎక్కండి."

ఇన్నేళ్ల సర్వీసులో ఎన్ని పడవలకు సంతకం పెట్టానో. పని కోసం ఒడ్డున కట్టి ఉన్నప్పుడు ఎక్కడమే తప్ప, కదిలే పడవలో కూర్చోమని ఎవరూ అడగలేదు. నేనూ కూర్చోలేదు. నాకు ఈత రాదు. ఆ సంగతి భాస్కరరావు గారికి కూడా చెప్పలేదు.

చెప్పులు విప్పి ఒడ్డున పెట్టి ఎక్కాను. నా వెనకే ఆవిడ ఎక్కి, కుచ్చిళ్లు సర్దుకుని నా ఎదురుగా కూర్చున్నారు. సత్యనారాయణ తాడు వదిలి తెరచాప ఎత్తాడు. పడవ ఒక పక్కకు వంగి, ఆలోచిస్తున్నట్టు ఒక క్షణం ఆగి, ఒడ్డు వదిలింది.

కాసేపటికి రాజ్యలక్ష్మి గారు నా చేతుల వైపు చూశారు. రెండు చేతులతో అంచును పట్టుకుని ఉన్నాను.

"గట్టిగా ఉందని మీరే రాశారు కదండీ" అన్నారు.

"రాశానమ్మా" అన్నాను. చేతులు మాత్రం వదల్లేదు.